మా ఇంటి వలసల బొంత

వలస అనే మాటను మనం మన ఇంటి గురించి వాడుకోం, గమనించారా? పాలమూరు నుంచి పనికి పోయిన వాళ్లది వలస. దుబాయ్ పోయిన వాళ్లది వలస. మన మామగారు కాలువ కింద భూమి కొనుక్కుని వస్తే మాత్రం ‘ఇక్కడికి వచ్చేశాం’ అంటాం. మన అమ్మాయి అమెరికా పోతే ‘అక్కడ సెటిలైంది’ అంటాం. ఇక పుట్టింటి నుంచి అత్తింటికి మనం చేసిన ప్రయాణం అసలు ఏ లెక్కలోకీ రాదు.

నా పుట్టిల్లు సూర్యాపేట దగ్గర పల్లె. అత్తిల్లు మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం వల్ల ముప్పై ఏళ్లుగా కోదాడలో ఉంటున్నాం. ఈ మూడూ కలిపితే బస్సులో ఒక పూట ప్రయాణం. అంత చిన్న నేల మీద మా కుటుంబాలు ఎన్నిసార్లు ఇల్లు కట్టుకుని, ఎన్నిసార్లు వదులుకున్నాయో 2024లో పిల్లలు ఒక బొంత కుట్టేదాకా ఎవరూ ఒక్కచోట పెట్టి చూడలేదు.

విషయం ఇది. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా మనవరాలికి పన్నెండేళ్లు. జూన్‌లో సెలవులకు వస్తూ బడిలో ఇచ్చిన ఒక కాగితం తెచ్చుకుంది. ‘మీ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో బొమ్మ గీసుకు రండి’ అని అందులో ఉంది. ఇండియా అని ఒక చుక్క, అమెరికా అని ఇంకో చుక్క, మధ్యలో విమానం గీసి అయిపోయిందనుకుంది. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివే మా తమ్ముడి కూతురు ఆ బొమ్మ చూసి, “విమానం దాకా ఎట్లా వచ్చారో అది కదా గీయాల్సింది!” అంది. అలా మొదలైంది. మిర్యాలగూడలో పదో తరగతి చదివే మా ఆడపడుచు మనవడు మూడోవాడుగా చేరాడు. నాలుగో పిల్ల సంగతి తర్వాత చెబుతాను.

మా తమ్ముడి కూతురు వాళ్లకు ముందుగా జేకబ్ లారెన్స్ అనే అమెరికన్ నల్లజాతి చిత్రకారుడి గురించి చెప్పింది. ఆయన తల్లిదండ్రులు దక్షిణాది నుంచి బతుకుదెరువు కోసం ఉత్తరాదికి వచ్చినవాళ్లు. అలా లక్షల మంది నల్లవాళ్లు కదిలిన కథను ఆయన 1940-41లో, 23 ఏళ్ల వయసులో, 60 చిన్న బొమ్మలుగా గీశాడు. గ్రంథాలయంలో కూర్చుని చదువుకుని, ఒక్కో బొమ్మకు ఒక్కో చిన్న వాక్యం రాసుకున్నాడట. అరవై పలకలనూ వరసగా పరిచి, ఒక రంగు కలిపితే ఆ రంగు పడాల్సిన పలకలన్నిటికీ ఒకేసారి వేసేవాడట. అందుకే అరవై బొమ్మలూ ఒకే బొమ్మలా ఉంటాయి. ఇప్పుడు వాటిలో సగం న్యూయార్క్‌లో, సగం వాషింగ్టన్‌లో మ్యూజియాల్లో ఉన్నాయి.

“మనకు పలకలెందుకు అత్తా, పాత చీరలున్నాయిగా” అంది మా తమ్ముడి కూతురు. బొంత కుట్టడం మనకు తెలియని పనా? అడుగున రెండు పాత చీరలు, మధ్యలో మెత్తబడ్డ పంచెలు, పైన అతుకులు. పన్నెండు గళ్లు పెట్టుకున్నారు. లారెన్స్ రంగు పద్ధతిని మాత్రం అరువు తెచ్చుకున్నారు. మా అత్తయ్యగారి నీలం నేతచీర ఒకటి చింపి, ఏ గడిలో నీళ్లున్నా ఆ నీలమే వాడారు. మూసీ, కృష్ణ, సాగర్ కాలువ, అట్లాంటిక్ సముద్రం అన్నీ ఒకే చీర.

సూర్యాపేట: మువ్వలకు చుట్టిన గుడ్డలు

మొదటి గళ్లు మా అమ్మవి. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. దేశానికి 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చినా మన సూర్యాపేట నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. ఒకపక్క భూస్వాముల మీద, వెట్టిచాకిరీ మీద తెలంగాణ సాయుధ పోరాటం, ఇంకోపక్క రజాకార్ల దాడులు. ఆ ఏడాదే మా తాతయ్య కుటుంబం ఒక రాత్రి బండి కట్టుకుని ఊరు దాటింది. వెళ్లింది ఎంతో దూరం కాదు, మునగాల పరగణాకు. ఇప్పుడు మనం బస్సులో కునుకు తీసేలోపు దాటిపోయే మునగాలే.

ఈ పరగణా సంగతి పిల్లలకు వింతగా తోచింది. మునగాల జమీందారీ చుట్టూ నిజాం భూమే ఉన్నా, అది మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందింది. ఊళ్లకు ఊళ్లు పక్కపక్కనే ఉన్నా ప్రభుత్వం వేరు, నాణెం వేరు. ఇటు హాలీ సిక్కా, అటు కలదారు రూపాయి. మధ్యలో కరోడ్‌గిరి నాకాలు, అంటే సుంకం వసూలు చేసే చోట్లు. 1959లో గానీ మునగాల నల్గొండ జిల్లాలో కలవలేదు. అంటే అప్పట్లో పొరుగూరికి పోవడమంటే ఇంకో దేశానికి శరణు పోవడమే. “అయితే నాయనమ్మ కూడా సరిహద్దు దాటిందన్నమాట” అని మా తమ్ముడి కూతురు, మనవరాలితో అంది.

“ఎందుకు పోయారు?” అని అడిగితే అమ్మ చెప్పింది ఒక్క ముక్క. “అందరూ పోయిండ్రు, మేమూ పోయినం.” అంతే. చరిత్ర పాఠంలా అడిగితే పెద్దవాళ్లు పాఠంలాగే జవాబిస్తారు. అప్పుడు మనవరాలు తన వచ్చీరాని తెలుగులో, “బండిలో ఏం పెట్టారు?” అంది. అమ్మ గంటసేపు మాట్లాడింది. జొన్నల మూట, ఇత్తడి బిందె, దేవుడి పెట్టె, మూడునెలల తమ్ముణ్ణి పడుకోబెట్టిన గంప. తిరగలి బరువని వదిలేశారు. దాని కోసం మా అమ్మమ్మ ఊరు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉందట. ఎద్దుల మెడలో మువ్వలు చప్పుడు చేయకుండా అమ్మమ్మ తన పాత చీర చింపి ఒక్కో మువ్వకూ గుడ్డ చుట్టిందట. ఏడేళ్ల మా అమ్మ పని ఏమిటంటే, దారిలో ఏ గుడ్డ జారినా దిగి మళ్లీ కట్టడం.

బొంతలో ఆ గడిలో మనుషులు లేరు. నల్ల గుడ్డ మీద, గుడ్డ చుట్టిన ఒక నిజం మువ్వ కుట్టారు, అంతే. ముట్టుకుంటే లోపల గట్టిగా తగులుతుంది, మోగదు.

1948 సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలైంది. విజయవాడ వైపు నుంచి సైన్యం వచ్చింది కోదాడ, సూర్యాపేటల మీదుగానే. 17న నిజాం లొంగిపోయాడు. మావాళ్లు ఆ దసరాకు ఊరు చేరారు. అయితే అంతటితో ప్రశాంతత రాలేదు. పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది, పల్లెలు అటూ ఇటూ నలిగాయి. ఆ పోరాటంలో మన ఆడవాళ్లు ఏం చేశారో, ఏం పోగొట్టుకున్నారో వాళ్ల మాటల్లోనే చదవాలంటే స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఉంది. మన సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం కూడా అందులో మాట్లాడింది. తుపాకి పట్టిన ఆడవాళ్ల కథలు అలాగైనా పుస్తకానికి ఎక్కాయి. మువ్వలకు గుడ్డలు చుట్టిన ఆడవాళ్ల కథలు ఇంట్లో వాళ్లు అడిగితేనే బయటికి వస్తాయి.

మిర్యాలగూడ: నీళ్ల వెనక వచ్చినవాళ్లు

ఇక మా అత్తగారి గళ్లు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు వైపు, ఎడమ కాలువ మన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా ఖమ్మం వైపు. అంతకు ముందు ఇక్కడ జొన్న, ఆముదం, కంది. బావి కిందో చెరువు కిందో కాస్త వరి. నీళ్లు వస్తాయని తెలిసి కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడ కొంచెం అమ్మి ఇక్కడ ఎక్కువ కొనుక్కున్నారు. తెనాలి వైపు రెండెకరాలు అమ్మిన డబ్బుతో మా మామగారు, ఆయన తమ్ముడు ఇక్కడ పదెకరాలు బేరం చేశారు. 1968లో మా అత్తయ్యగారు ఆరేళ్ల కొడుకుతో, అంటే మా ఆయనతో, లారీలో సామాను మీద కూర్చుని వచ్చారు.

మిర్యాలగూడ చుట్టూ ఈనాడు మనం చూసే రైసు మిల్లులన్నీ ఆ నీళ్ల తర్వాతివే. కానీ నీళ్లు ఊరికే రాలేదు కదా. డ్యాం కోసం కృష్ణ లోయలో ఊళ్లు మునిగాయి. నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలను జాగ్రత్తగా తవ్వి తీసి గుట్ట మీదికి చేర్చారు. ఆ లోయలో కాపురమున్న వాళ్లు మూటలు సర్దుకుని తలో దిక్కూ పోయారు. రాతి డ్యాం అది, యంత్రాల కంటే మనుషుల చేతులే ఎక్కువగా కట్టాయి. ఆ చేతుల్లో పాలమూరు కూలీలవి ఎన్నో. పిల్లలు ఒక గడిలో పైన నీలం, ఆ నీలం కింద చిన్న చిన్న ఇళ్లు కుట్టారు. పక్క గడిలో తట్టలు మోసే ఆడవాళ్లు.

మనవరాలు అప్పుడొక సంగతి చెప్పింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టినప్పుడు వాళ్లమ్మ తీసుకెళ్లిందట. అక్కడ మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు ఉన్నాయి. “ప్రతి రాయి పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి పెట్టారు అమ్మమ్మా. తాతమ్మ పక్కన ఎవరూ రాయలేదు” అంది. పిల్ల నవ్వుతూనే అంది గానీ మా అత్తయ్యగారు నవ్వలేదు.

ఆ మర్నాడు ఆమె తనంతట తానే మనవరాలిని పిలిచి, “నేనేం తెచ్చానో అడగవా?” అన్నారు. ఒక నాను, ఒక చంద్రహారం, ఆరు గాజులు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఈ మాట నేనూ అప్పుడే విన్నాను. పదెకరాల బేరానికి డబ్బు చాలకపోతే ఆ బంగారం అమ్మి కట్టారట. “మళ్లీ చేయిస్తామన్నారు. చేయించారు కూడా. అది ఆడపిల్ల పెళ్లికి పెట్టేశాం” అన్నారు. పట్టా అన్నదమ్ములిద్దరి పేరునే అయింది. అప్పట్లో ఇంకోలా అవుతుందని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా.

ఇక్కడ మన ఆడవాళ్లకు సంబంధించిన రెండు తేదీలు చెప్పాలి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. నా పెళ్లి ఆ ఏడాది మేలో అయింది. ఇక దేశమంతటికీ, పెళ్లయిన కూతుళ్లతో సహా, ఆ హక్కు ఇచ్చిన సవరణ 2005లో వచ్చింది. ఇవన్నీ కూతుళ్ల సంగతి. ఒంటి మీది బంగారం తీసి భూమిలో పెట్టిన కోడళ్ల వాటాకు ఏ తేదీ లేదు. మన ఇళ్లలో చాలా ఎకరాల కింద ఇలాంటి నానులు ఉన్నాయని నాకు అనిపిస్తుంది. మీ ఇంట్లోనూ అడిగి చూడండి.

అమ్మినవాళ్ల గడి

పిల్లలు ఊరుకోలేదు. “కొన్నారు సరే, ఎవరి దగ్గర కొన్నారు?” అన్నాడు ఆడపడుచు మనవడు. వాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. మా అత్తయ్యగారికి జొన్నరొట్టె చరచడం నేర్పింది ఆ ఇంటి పెద్దావిడే. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉన్నప్పుడు, గుంటూరోళ్ల ఇళ్ల మీదికి వస్తారని పుకారు పుడితే, రెండు రాత్రులు మా ఆయన్ను తన పిల్లల మధ్య పడుకోబెట్టుకుంది కూడా ఆవిడే. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆమె కోడలిని నేను వదినె అంటాను. వదినె మనవరాలు ఇంటర్ చదువుతోంది, బొమ్మలు బాగా వేస్తుంది. పిల్లలు వెళ్లి ఆ అమ్మాయిని పిలుచుకొచ్చారు. నాలుగో పిల్ల ఆమే.

ఆ అమ్మాయితో పాటు వదినె కూడా వచ్చింది. బొంత అంతా చూసి చెప్పింది. “అమ్మినమని చెప్పుకునుడు మాకూ కష్టమే. కాలువ తవ్వుతుంటె పదేండ్లు చూసినం, నీళ్లొస్తయని ఎవరికి నమ్మకం? ఆడిపిల్ల పెండ్లి నెత్తి మీదికొచ్చింది, అమ్మిండ్రు. నీళ్లొచ్చినంక అదే మడిల మా అత్త కూలికి నాట్లేసింది. నేను వచ్చినంక నేనూ ఏసిన.” గొంతులో కోపం లేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది.

ఆ సంగతి బొంతలో పెట్టాలని పిల్లలు నలుగురూ పట్టుబట్టారు. మా చినమామగారికి అది నచ్చలేదు. “మేమేమన్నా లాక్కున్నామా? వాళ్లడిగిన రేటు ఇచ్చాం. మీ తాత ఆ బీడు చదును చేస్తూ బండి కింద పడుకుని ఎన్ని రాత్రులు గడిపాడో, పాము కరిచి ఎన్ని రోజులు మంచాన ఉన్నాడో తెలుసా? అదెవరు కుడతారు?” అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. రాష్ట్రం విడిపోయిన రోజుల్లో ‘మీదే ఊరు’ అని అడిగించుకున్న మనిషి ఆయన. నలభై ఆరేళ్లు ఒకే నేల దున్నాక ఆ ప్రశ్న వినడం ఎలా ఉంటుందో ఆయనకే తెలుసు. మనవళ్లు మళ్లీ అదే ప్రశ్న గుడ్డ మీద కుడుతున్నట్టు ఆయనకు అనిపించింది.

రెండు వారాలు పని ఆగింది. మా ఆయన ఎటూ చెప్పలేక ఊరుకున్నారు. చివరికి మా అత్తయ్యగారే తీర్పు చెప్పారు. “రెండూ కుట్టండి. బండి కింద పడుకున్నది నిజం, కూలికి నాటేసింది నిజం. ఒకటి కుడితే రెండోది అబద్ధం అవ్వదుగా.” తన పెళ్లి పట్టుచీర జరీ అంచు తెచ్చి ఇచ్చి, నాను మాత్రం దీంతో కుట్టమన్నారు.

ఆ గడి ఇప్పుడు ఇలా ఉంది. మధ్యలో మడి. ఒక గట్టు మీద బండి, దాని కింద ముడుచుకుని పడుకున్న మనిషి. ఇంకో గట్టు వైపు వంగి నాటేసే ఇద్దరు ఆడవాళ్లు, అత్తాకోడళ్లు. మడి అడుగున, నేల పొరలో, జరీతో చిన్న నాను. నాటేసే ఆడవాళ్లను వదినె మనవరాలే కుట్టింది, వాళ్ల నాయనమ్మ కట్టిన చీర ముక్కతోనే. చినమామగారు ఇంకా వచ్చి చూడలేదు. ఫోటో పంపితే మాత్రం, ఎద్దుల బండికి చక్రం చిన్నదైందని కబురు చేశారు. పిల్లలు విప్పి మళ్లీ కుట్టారు.

కోదాడ: చెరిగి, మళ్లీ వచ్చిన గీత

కోదాడ గడికి పిల్లలు ఒక దారం మాత్రమే పెట్టారు. 1948కి ముందు మా ఊరు రెండు రాజ్యాల సరిహద్దు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ గీత చెరిగింది. 2014 జూన్ 2 నుంచి మళ్లీ సరిహద్దు. అందుకే ఆ దారం కొంతదూరం కుట్టు, మధ్యలో ఖాళీ, మళ్లీ కుట్టు. ఊరు కదలకుండా గీతే కదిలితే అందులో ఉన్నవాళ్లు కూడా వలసవాళ్ల కిందే లెక్కేమో అని మా తమ్ముడి కూతురు అంటుంది. మా ఇంట్లో మాటలే దానికి సాక్ష్యం. నేను తొక్కు అంటే అత్తయ్యగారు పచ్చడి అంటారు. నేను గంజు అంటే ఆవిడ గిన్నె అంటారు. నా కూతురికి రెండూ వచ్చు, మనవరాలికి ఒక్కోసారి ఏదీ రాదు.

చివరి గడి విమానం. దాని రెక్క కింద మనవరాలు ఒక చిన్న బండి చక్రం కుట్టుకుంది. ఎందుకని అడిగితే, “విమానానికి కూడా చక్రాలుంటాయి కదా అమ్మమ్మా” అంది.

జరీనా అనే గొప్ప చిత్రకారిణి ఉండేది. 1937లో అలీగఢ్‌లో పుట్టి, దేశదేశాలు తిరిగి, న్యూయార్క్‌లో స్థిరపడింది. ఆమె 1999లో చెక్క అచ్చులతో 36 బొమ్మలు చేసింది. ఇల్లు, గడప, తలుపు ఇలా ఒక్కో ఉర్దూ మాటకు ఒక్కో బొమ్మ. నలుపు గీతలే, మనుషులు ఉండరు. మా తమ్ముడి కూతురు వాటిని ఫోనులో చూపిస్తే మా అమ్మ చాలాసేపు చూసి, “గడప మంచిగ గీసింది” అంది. అమ్మకు అక్షరాలు రావు. గడప దాటడం అంటే ఏమిటో తెలుసు.

మీ ఇంట్లో పిల్లలు ఉంటే, పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఇది చేయించండి. బొంతే కుట్టనక్కర్లేదు. ముగ్గుపిండితో వాకిట్లో గీసినా సరే, నోటుపుస్తకంలో పెన్సిలుతో వేసినా సరే. నాకు తెలిసింది నాలుగు మాటలు చెబుతాను. ఎందుకు వచ్చారని అడగొద్దు, ఏం తెచ్చుకున్నారని అడగమనండి. ఏం వదిలేసి వచ్చారని కూడా అడగమనండి. భూమి కొన్న సంగతి వస్తే డబ్బు ఎక్కడిదో, ఎవరి ఒంటి మీదిదో అడగమనండి. అమ్మినవాళ్లు ఎవరో, ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని వీలైతే వాళ్ల పిల్లలనూ పిలవండి. కొంచెం గొడవ అవుతుంది. మా ఇంట్లోనూ అయింది. కానీ పదేళ్లుగా దారిలో కనబడితే తలూపి వెళ్లిపోయే వదినె ఇప్పుడు మిర్యాలగూడ వెళ్లినప్పుడల్లా నాకు జొన్నపిండి కట్టిస్తోంది. మా అత్తయ్యగారు ఒక్కోసారి బొంత తెప్పించుకుని, ఆ జరీ మీద వేలు పెట్టి, వచ్చినవాళ్లకు చూపిస్తారు. “ఇది నాది” అంటారు.